గల్ఫ్ ఎండకు ఒళ్ళు అలవాటు పడే పద్నాలుగు రోజులు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ళు చాలామంది అనే మాట ఒకటుంది: "మన రోహిణీ కార్తెను మించిన ఎండ అక్కడేముంటది?" రోళ్ళు పగిలే ఎండల్లో పెరిగినవాళ్ళు అలా అనుకోవడం సహజమే. కానీ ఎండల్లో పెరిగినంత మాత్రాన ఆ అలవాటు జీవితాంతం ఒంట్లో నిలిచిపోదు. వీసా వచ్చేదాకా రెండు మూడు నెలలు ఇంటిపట్టున ఫ్యాను కింద ఉన్న మనిషికి పాత అలవాటు మిగలదు. ఎండ పనికి వారం దూరమైతేనే అది సడలడం మొదలవుతుంది, నెల దాటితే దాదాపు మొదటికి వస్తుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా చెప్పేది వింటే గుండె గుభేలుమంటుంది: ఆరుబయట పనిలో వేడికి చనిపోయినవాళ్ళలో సగానికి పైగా పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే పోయారు. అందుకే మొదటి రెండు వారాలు ఫోర్‌మన్ ముందు సత్తా చూపించాలని ఆరాటపడకండి. అవి ఒళ్ళు తయారయ్యే రోజులు.

ఆ రెండు వారాల్లో ఒంట్లో జరిగేది ఇదీ. మొదటి నాలుగైదు రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. దాంతో అదే పనికి గుండె అంతకుముందులా దడదడలాడదు. ఆ తర్వాత చెమట తొందరగా, ఎక్కువగా పట్టడం మొదలవుతుంది. వారం నుంచి రెండు వారాల మధ్య చెమటలో ఉప్పు తగ్గుతుంది. ఈ చివరి మార్పును కళ్ళతోనే చూడొచ్చు. మొదటి రోజుల్లో సాయంత్రం విప్పిన చొక్కాను ఆరేసి వెనక్కి తిప్పి చూడండి. వీపు మీద, చంకల దగ్గర తెల్లటి ఉప్పు చారలు మ్యాపు గీసినట్టు ఉంటాయి. రెండో వారం చివరికి చాలామందికి ఆ చారలు పలచబడతాయి. ఒళ్ళు ఉప్పును దాచుకోవడం నేర్చుకుందన్నమాట. కొందరి చెమటే ఉప్పగా ఉంటుంది, వాళ్ళకు చారలు పూర్తిగా పోవు. అలాంటివాళ్ళు తిండిలో ఉప్పు తగ్గించుకోకూడదు.

రెండు రకాల ఎండ

గల్ఫ్ అంతా ఒకటే ఎండ అనుకుంటే పొరపాటు. కువైట్, రియాద్ వైపు పొడి ఎండ. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. అక్కడ వేడిగాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆవిరైపోతుంది. చొక్కా తడవదు కాబట్టి నీళ్ళు పోతున్నాయన్న సంగతే తెలియదు, దాహం తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అక్కడ మెడకు తడి గుడ్డ చుట్టుకుంటే హాయిగా ఉంటుంది, బాగా పనిచేస్తుంది కూడా.

దుబాయ్, దోహా, దమ్మామ్‌లు సముద్రం పక్కన ఉన్నాయి. అక్కడ జూలై, ఆగస్టుల్లో ఉక్కపోత. చెమట కారిపోతుంది గానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, నీళ్ళను, ఉప్పును మాత్రం తీసుకుపోతుంది. తడి గుడ్డ వల్ల పెద్దగా లాభం ఉండదు, దాంట్లో ఐసు చుట్టి మెడకు పెట్టుకుంటేనే ఫలితం. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అక్కడ రాత్రి షిఫ్టు చల్లగా ఉంటుందనుకోకండి. ఎండ ఉండదు గానీ గాలిలో తేమ రాత్రిపూటే ఎక్కువ. జగిత్యాల మే నెల పొడి వేడికి అలవాటైన ఒళ్ళు కూడా ఈ ఉక్కపోతకు మళ్ళీ కొత్తగా అలవాటు పడాల్సిందే.

ఇంటి దగ్గరే మొదలుపెట్టండి

టికెట్ తేదీ తెలిశాక చివరి రెండు వారాలు రోజుకు గంట నుంచి గంటన్నర చెమట పట్టే పని చేయండి. పొలం పనైనా, వేగంగా నడకైనా, సైకిలైనా సరే. మొదట్లో ఉదయం తొమ్మిది లోపు, నాలుగైదు రోజులయ్యాక కొంచెం పొద్దెక్కాక. నడినెత్తి ఎండలో పరుగులు తీయమని కాదు. చెమట కారాలి, మనిషి తూలకూడదు, అదే కొలత. ఎండలో ఊరికే కూర్చుంటే ఒళ్ళు అంతగా తయారవదు, చెయ్యో కాలో ఆడుతుండగా వేడెక్కాలి.

మందులు వాడేవాళ్ళు బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగాలి. మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. జలుబుకు వేసుకునే పాతరకం మాత్రల్లో కొన్ని చెమటను తగ్గిస్తాయి. మీ అంతట మీరే మానేయకండి, మోతాదు సంగతి డాక్టరే తేల్చాలి. ఒళ్ళునొప్పుల కోసం సంచీనిండా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు తీసుకెళ్ళే అలవాటు మనవాళ్ళలో ఉంది. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు అవి వేసుకుంటే దెబ్బ నేరుగా కిడ్నీలకు తగులుతుంది. ఎండలో పనిచేసే రోజుల్లో వాటి జోలికి పోకపోవడమే మంచిది.

మొదటి అయిదు రోజుల పని

కొత్తవాళ్ళకు అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే లెక్క తేలికైనదే. మొదటి రోజు ఎండలో మామూలు పని వేళలో ఐదో వంతు, ఆ తర్వాత రోజూ మరో ఐదో వంతు. ఎనిమిది గంటల షిఫ్టు అయితే ఎండలో బరువు పని మొదటి రోజు గంటన్నర, రెండో రోజు మూడు గంటలు, మూడో రోజు నాలుగున్నర నుంచి ఐదు, నాలుగో రోజు ఆరు దాటి, ఐదో రోజు పూర్తి షిఫ్టు. ఐదో రోజుకు పూర్తి పని చేయగలిగినా ఒళ్ళు పూర్తిగా తయారయ్యేది రెండో వారం చివరికే. కాబట్టి ఆ రోజుల్లో ఓటీకి, అంటే అదనపు గంటల పనికి ఒప్పుకోకండి. నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయన్న ఆశ అర్థమవుతుంది, అప్పు తీర్చాలన్న ఒత్తిడీ తెలుసు. అయినా ఆ రెండు వారాల ఓటీ ఎంత వచ్చినా ప్రాణానికి సరితూగదు.

పని పంచేది ఫోర్‌మన్ కదా, మన చేతుల్లో ఏముంది అంటారు. కొంత ఉంది. మిగతా గంటలు నీడలో చేసే పని అడగండి: కట్టింగు, సామాను లెక్క, లోపలి ఫ్లోరులో పని. "కొత్తగా వచ్చాను, వారం రోజులు నీడ పని ఇవ్వండి" అని మొదటి రోజు ఉదయమే అడిగితే చాలామంది ఫోర్‌మన్లు కాదనరు. పడిపోయాక తీసుకెళ్ళే తిప్పలు వాళ్ళకూ తెలుసు.

గుండె చెప్పేది కూడా వినాలి. పని ఆపి కూర్చున్న వెంటనే మణికట్టు మీద నాడి 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి. 110 దాటితే తర్వాతి విడత పనిని మూడో వంతు తగ్గించాలి. విశ్రాంతి సమయాన్ని తగ్గించకూడదు.

మధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదన్న చట్టం ఆ దేశాలన్నింటిలో ఉంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు, సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 వరకు, ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు, కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా 11 నుంచి 4 వరకు, ఒమాన్‌లో అవే నెలల్లో 12:30 నుంచి 3:30 వరకు. ఖతార్‌లో ఇంకో నిబంధన కూడా ఉంది: ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే వేడి సూచీ 32.1 దాటితే ఏ వేళైనా పని ఆపాలి. ఆ విరామంలో నీడలో నిద్రపోండి. ఫోను చూస్తూ గడిపేసి సాయంత్రం షిఫ్టుకు నీరసంగా లేచేవాళ్ళే ఎక్కువ.

నీళ్ళు, ఉప్పు

దాహం వేసేదాకా ఆగకండి. పనికి బయల్దేరే ముందు అర లీటరు తాగండి. ఎండలో ఉన్నంతసేపూ ప్రతి 20 నిమిషాలకు ఓ గ్లాసు, అంటే 250 మి.లీ. గంటకు లీటరున్నర దాటొద్దు. అతిగా తాగినా ముప్పే. చెమటలో ఉప్పు పోతుంటే ఉత్త నీళ్ళే లీటర్లకు లీటర్లు పోసుకుంటే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, మాట తడబాటు మొదలవుతాయి. చూసేవాళ్ళు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు తాగిస్తారు, అది మరింత ప్రమాదం.

సైట్లో మరుగుదొడ్డి దూరమని నీళ్ళు తగ్గించేవాళ్ళున్నారు. అది రోజూ జరిగితే కిడ్నీలు దెబ్బతింటాయి. మూత్రం లేత నిమ్మరసం రంగులో ఉంటే సరిపోయినట్టు, ముదురు పసుపైతే నీళ్ళు చాలలేదు. టీ డికాక్షన్ రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. బీ కాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటే నీళ్ళు ఎన్ని తాగినా మూత్రం పచ్చగానే వస్తుంది, అప్పుడు రంగును నమ్మకండి.

ఉప్పు చాలావరకు తిండి నుంచే రావాలి. పప్పుచారు, పచ్చడి మెతుకులు, ఉప్పేసిన మజ్జిగ. అక్కడి దుకాణాల్లో దొరికే లబన్ మన చిక్కటి మజ్జిగే, సగానికి సగం నీళ్ళు, చిటికెడు ఉప్పు కలిపితే సరిపోతుంది. చెమట ధారగా కారే రోజుల్లో రోజుకు లీటరు ఓఆర్‌ఎస్ తాగొచ్చు. ప్యాకెట్ మీద ఏం రాసిందో చదవండి: పెద్దది లీటరు నీళ్ళకు, చిన్నది 200 మి.లీ.కు. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసు నీళ్ళలో కలుపుకుని తాగితే మేలుకు బదులు కీడు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకు చెంచా అంచు దాకా గీసిన చక్కెర ఆరు టీ చెంచాలు, ఉప్పు అర టీ చెంచా. ఉప్పు మాత్రలు వద్దు. బీపీ ఉన్నవాళ్ళు ఓఆర్‌ఎస్ సంగతి డాక్టర్‌ని అడిగాకే. ఎనర్జీ డ్రింకుల డబ్బాలు పని మధ్యలో తాగకండి, వాటికి గుండె దడ ఇంకా పెరుగుతుంది.

పిక్కలు, కడుపు కండరాలు పట్టేస్తే ఉప్పు తగ్గినట్టు. పని ఆపి నీడకు రండి, ఓఆర్‌ఎస్ తాగండి, పట్టిన కండరాన్ని మెల్లగా సాగదీయండి. నొప్పి తగ్గిందని వెంటనే మళ్ళీ ఎక్కకండి, కొన్ని గంటలు ఆగాలి.

గదిలో

ఏసీలో పడుకుంటే ఎండ అలవాటు పోతుందని కొందరి భయం. పోదు. పగలు రెండు గంటలు చెమట పట్టేలా పనిచేస్తే ఒళ్ళు నేర్చుకోవాల్సింది నేర్చుకుంటుంది. రాత్రి మంచి నిద్ర దానికి తోడ్పడుతుంది. కాకపోతే 18కి పెట్టి దుప్పటి కప్పుకోకుండా 24, 25లో ఉంచండి.

స్నానం సంగతి కొత్తవాళ్ళకు వింతగా ఉంటుంది. నీళ్ళ ట్యాంకు మిద్దె మీద ఎండలో కాగుతుంటుంది కాబట్టి జూన్ వచ్చిందంటే చల్లనీళ్ళ కొళాయి నుంచి చెయ్యి కాలే నీళ్ళు వస్తాయి. అక్కడ పాతవాళ్ళు చేసే పని ఇదీ: గీజర్ స్విచ్ ఆపేస్తారు. గీజర్ గది లోపల ఉంటుంది కాబట్టి అందులో నిలిచిన నీళ్ళు గది చల్లదనానికి వస్తాయి. ఎర్ర గుర్తున్న వేడినీళ్ళ కొళాయి తిప్పితే చల్లనీళ్ళు! అయితే గీజర్ ఖాళీ అయినకొద్దీ మిద్దె మీది నీళ్ళే లోపలికి వస్తాయి. పదిమంది ఉన్న గదిలో చివరివాడికి మిగలవు. తెల్లవారుజామున ఓ బకెట్ పట్టి గదిలో పెట్టుకుంటే సాయంత్రానికి పనికొస్తుంది.

చెమటకాయలు వస్తే పౌడరు దట్టంగా అద్దకండి, రంధ్రాలు ఇంకా మూసుకుపోతాయి. లోపలి బనియన్ పలచటి నూలుది వేసుకుని మధ్యాహ్నం విరామంలో మార్చుకోండి. పనికి పోయేటప్పుడు సంచీలో రెండో జత సాక్సులు ఉండాలి.

మనిషి పడిపోతే

తలనొప్పి, వికారం, నీరసం, కళ్ళు తిరగడం ఉండి మాట తెలివిగా ఉంటే నీడకు చేర్చి, కాళ్ళు కొంచెం ఎత్తుగా పెట్టి, గుటక గుటకగా తాగించి, ఆ రోజుకు పని మాన్పించాలి. మాట తడబడినా, తిక్కగా ప్రవర్తించినా, తూలినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోకండి. కష్టపడి పనిచేస్తూ పడిపోయినవాళ్ళకు ఒళ్ళు తడిగానే ఉండొచ్చు.

ఒకరు అంబులెన్సుకు ఫోను చేయాలి: యూఏఈలో 998, సౌదీలో 997, ఖతార్, బహ్రెయిన్‌లలో 999, కువైట్‌లో 112, ఒమాన్‌లో 9999. మిగతావాళ్ళు బండి కోసం ఎదురుచూడకుండా అక్కడే చల్లబరచాలి. బట్టలు విప్పి, దొరికిన నీళ్ళన్నీ ఒంటి మీద ఆపకుండా పోస్తూ, అట్టముక్కతోనైనా గట్టిగా విసరాలి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టాలి. పెద్ద తొట్టె ఉంటే ఐసు నీళ్ళలో మెడ దాకా కూర్చోబెట్టి, తల పైన ఉండేలా ఒకరు పట్టుకోవడం అన్నిటికన్నా మేలు. అరగంటలోపు వేడి దించగలిగితే మనిషి దక్కే అవకాశం ఎక్కువ. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకండి. పారాసిటమాల్ ఈ వేడిని దించదు.

మొదటి రెండు వారాలు ఒంటరిగా పనిచేయకండి. తన ఒంట్లో తేడా వచ్చిందని వడదెబ్బ తగిలినవాడికి తెలియదు, పక్కవాడే కనిపెట్టాలి. పక్కవాడు తెలుగువాడు కాకపోవచ్చు. క్యాంపుల్లో నడిచేది హిందీ కాబట్టి ఈ ఒక్క ముక్క నోటికి పట్టించుకోండి: "ముఝే చక్కర్ ఆ రహా హై, ఛావ్ మే లే చలో." కళ్ళు తిరుగుతున్నాయి, నీడకు తీసుకుపో అని.

సెలవు మీద వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు

పదేళ్ళ అనుభవం ఉన్నా రెండు నెలలు ఇంటి దగ్గరుండి వేసవిలో తిరిగి చేరితే మళ్ళీ మెట్టు మెట్టుగా ఎక్కాల్సిందే. పాతవాళ్ళకు లెక్క కాస్త తేలిక: మొదటి రోజు సగం పని, రెండో రోజు పది పాళ్ళలో ఆరు, మూడో రోజు ఎనిమిది, నాలుగో రోజు పూర్తిగా. మూడు నాలుగు రోజులు జ్వరంతోనో విరేచనాలతోనో మంచం పట్టి లేచినవాళ్ళు కూడా ఇదే లెక్క పాటించాలి. జ్వరం తగ్గిన మరునాడే నేరుగా మిద్దె మీది పనికి ఎక్కకూడదు.