సెలెక్షన్స్‌కి పోయే ముందు పిల్లల వయసు లెక్క ఇలా చూసుకోండి

మాది కావలి. మా పాపను నెల్లూరులో పరుగు పందెం సెలెక్షన్స్‌కి తీసుకెళ్లినప్పుడు బర్త్ సర్టిఫికెట్‌లో నవంబరు 14, స్టడీ సర్టిఫికెట్‌లో జూన్ 1 అని ఉన్నాయి. బడిలో చేర్చేటప్పుడు ఐదేళ్లు నిండాయని చూపించడానికి ఆ జూన్ 1 మేమే రాయించాం. పిల్ల స్పైక్స్ వేసుకుని, చెస్ట్ నంబరు చేతిలో పట్టుకుని నిలబడిపోయింది, పరిగెత్తనివ్వలేదు. ఆ తప్పు మీరు చేయకండి.

ముందు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి తేదీ, పేరు, ఇంటిపేరు అక్షరం అక్షరం సరిచూడండి. బర్త్ సర్టిఫికెట్‌లో పిల్లల పేరు లేకపోతే పుట్టుక నమోదైన 15 ఏళ్లలోపు చేర్పించుకోవచ్చు. బడి రికార్డులో తేడా ఉంటే పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్షలకు బడి పంపే పిల్లల వివరాల జాబితా) వెళ్లకముందే హెడ్మాస్టర్‌ను కలవండి, తర్వాతైతే చాలా తిప్పలు.

ఇక వయసు ఏ తేదీకి లెక్కగడతారన్నది ఆటను బట్టి మారుతుంది, అందరూ పొరబడేది ఇక్కడే. జిమ్నాస్టిక్స్‌లో అమ్మాయిలు సీనియర్స్‌లో దిగాలంటే ఆ ఏడాది డిసెంబరు 31కి 16 నిండాలి. ఫిగర్ స్కేటింగ్‌లో సీజన్ మొదలయ్యే జూలై 1కి ముందే 17 నిండాలి. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో 15 ఏళ్ల రష్యా స్కేటర్ వలియేవా డోపింగ్ గొడవ తర్వాత ఆ ఏడాదే వయసు పెంచాలని నిర్ణయించారు, అంతకుముందు 15 చాలేది. అంతర్జాతీయ క్రికెట్‌కి 2020 నుంచి 15. స్కేట్‌బోర్డింగ్‌లో మాత్రం 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వయసు పట్టింపు లేదు, అక్కడ 11 ఏళ్ల చైనా పాప ఆడింది.

ఈ రూల్స్ పిల్లల్ని ఆపడానికని కోపం తెచ్చుకోకండి. ఎముకలు ఇంకా ఎదుగుతున్న వయసులో రోజూ గంటలకొద్దీ దూకిస్తే మోకాళ్లు, నడుము ఏమైపోతాయి చెప్పండి?

వయసు మార్చి రాయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే అస్సలు వినొద్దు. 2000 సిడ్నీలో చైనా జిమ్నాస్టిక్స్ జట్టుకు కాంస్యం వచ్చింది, వాళ్లలో డాంగ్ ఫాంగ్‌షియావోకి అప్పుడు 14 ఏళ్లేనని తేలి 2010లో జట్టు మొత్తం పతకం వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. మన దగ్గర కూడా బీసీసీఐ ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీయించి ఎముక వయసు చూస్తుంది.

ఒరిజినల్స్ ఒక ప్లాస్టిక్ కవర్లో, జిరాక్స్‌లు మూడు సెట్లు విడిగా పెట్టుకోండి. వయసు లెక్కగట్టే కటాఫ్ తేదీ సెలెక్షన్స్ సర్క్యులర్‌లోనే ఉంటుంది, కోచ్‌ని అడిగి ఆ కాగితం ఫొటో తీసుకోండి. బస్సెక్కే ముందు తేదీలు ఇంకోసారి చూడండి.