పాత అంగట్లో దొరికిన కుండ ఎవరి చేతిపనో కనుక్కోవడం

కడప, కర్నూలు, అనంతపురం పాత సామాన్ల అంగళ్లలో ఊరగాయ జాడీలు బాగా కనిపిస్తాయి. అవి ఫ్యాక్టరీ సరుకు. వాటి మధ్య స్టూడియో కుండ, అంటే ఒక కళాకారుడు చిన్న శాలలో చేత్తో చేసిన కుండ, ఉందేమో చూడాలంటే ముందు లోపల వేళ్లతో తడమండి. కుమ్మరి సారె మీద లాగినదైతే చుట్లు చుట్లుగా వేళ్ల గీతలు తగులుతాయి. కొందరు వాటిని నునుపు చేస్తారు కాబట్టి గీతలు లేవని పక్కన పెట్టేయకండి. నిలువుగా అతుకు గీత ఉంటే మాత్రం అచ్చులో చేసినదే అనుకోవచ్చు.

అసలు సంగతి అడుగున ఉంటుంది. కుండను తడపకముందే, గ్లేజు (గాజులాంటి పూత) లేనిచోట ఒక నీటిచుక్క వేయండి. వెంటనే పీల్చుకుంటే తక్కువ వేడిలో కాలిన మట్టి. చుక్క నిలిస్తే 1200 డిగ్రీల దరిదాపుల్లోనో ఆపైనో కాలిన స్టోన్‌వేర్ (రాయిలా గట్టిపడిన మట్టి) కావచ్చు.

ఇక్కడి బోరునీళ్ల గార తెల్లగా పేరుకొని, అడుగున చేసినవాళ్లు వేసిన ముద్రను కప్పేస్తుంది. చాకుతో గీకొద్దు, ముద్ర అంచులు పోతాయి. కుండను ముందు మంచినీళ్లలో తడిపితే వెనిగర్ పులుపు మట్టిలోకి ఇంకదు. వెనిగర్ దూదిని గార మీద 5 నిమిషాలు ఉంచి, మెత్తని బ్రష్‌తో రుద్ది, బాగా కడగండి. గంటలు నానబెడితే గ్లేజు కళ తప్పుతుంది.

ముద్ర మీదికి టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేయండి. పలుచని కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. దాన్ని నాలుగు వైపులా తిప్పి చదవండి: తలకిందులైతే ‘ఎం’ కాస్తా ‘డబ్ల్యూ’ అవుతుంది. పచ్చిమట్టి మీద గీసిన సంతకానికి అంచుల్లో మట్టి కొంచెం లేచి ఉంటుంది. అంచులు పెచ్చులూడి ఉంటే కాల్చాక గీకిన పేరు. అది కొన్నవాళ్లదో అమ్మినవాళ్లదో కావచ్చు, నమ్మొద్దు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: కుమ్మరిశాల ముద్ర వేరు, మనిషి ముద్ర వేరు. బెర్నార్డ్ లీచ్, షోజీ హమాడా అనే కుండల కళాకారులు 1920లో ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో పెట్టిన శాలలో, రోజువారీ వాడకం సామానుకు శాల ముద్ర ఒక్కటే ఉండేది. విడిగా చేసిన పనులకు చేసినవారి ముద్ర కూడా పడేది. శాల ముద్ర చూసి ‘లీచ్ చేసిందే’ అని డబ్బు పోయొద్దు. పాండిచ్చేరిలో డెబొరా స్మిత్, రే మీకర్ 1971లో మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో నేర్చుకున్న ఎందరో తర్వాత సొంత శాలలు పెట్టుకున్నారు. వాళ్ల గ్లేజులు ఒకదాన్నొకటి పోలి ఉండొచ్చు కాబట్టి గ్లేజు రంగు ఒక్కటే చూసి పేరు కట్టేయకూడదు.

ముద్ర లేకపోతే అడుగు చెక్కిన తీరే ఆధారం. దాని ఎత్తు, అంచు వాలు, కత్తి గీతలు ఆ మనిషి చేతిరాత లాంటివి. పేరు తెలిసిన కుండల అడుగుతోనే పోల్చండి. శాలను అడగాలంటే పక్కనుంచి, అడుగుభాగం, ముద్ర దగ్గరగా మూడు ఫొటోలు తీసి, కొలత తెలిసేలా రూపాయి బిళ్ల పెట్టి పంపండి.