ఓబీసీ క్లెయిమ్ వెరిఫికేషన్‌లో ఆగిపోయిందా? కారణం ఇక్కడ వెతకండి

సమస్య: రైల్వే పరీక్షో, కేంద్ర ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పెట్టే పరీక్షో రాశారు, కటాఫ్ దాటారు, డాక్యుమెంట్ వెరిఫికేషన్‌కి వెళ్లారు. అక్కడ ఓబీసీ క్లెయిమ్ ఒప్పుకోలేదు.

ఆమదాలవలసలో పన్నెండేళ్లుగా పిల్లలకు ఆన్‌లైన్ అప్లికేషన్లు పెడుతున్నాను. ఏటా ఇలాంటివాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. చాలామందికి ఐదు నిమిషాల పని చేయకపోవడం వల్లే ఉద్యోగం పోతోంది.

మొదట చూడాల్సింది: మీ చేతిలో ఉన్నది ఏ సర్టిఫికెట్?

సచివాలయంలో తీసే ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్ మీద బీసీ-ఎ, బీసీ-డి అని ఉంటుంది. రాష్ట్ర ఉద్యోగాలకూ, ఇక్కడి కాలేజీ సీట్లకూ అది పనికొస్తుంది. కేంద్రానికి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరే ఉంది. అందులో 8.9.1993 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం మీరు క్రీమీలేయర్ (ఓబీసీల్లో రిజర్వేషన్ వర్తించని సంపన్న వర్గం) కాదని రాసి ఉండాలి. ఆ వాక్యం లేకపోతే మీది కేంద్ర సర్టిఫికెట్ కాదు. నోటిఫికేషన్ చివర ఇచ్చిన నమూనాను ప్రింట్ తీసి తహసీల్దారు కార్యాలయానికి పట్టుకెళ్లండి.

తేదీ కూడా చూడండి. చాలా ప్రవేశ పరీక్షలకు ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. ఏ ఏడాది ఏప్రిల్ అన్నది నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. మీ అన్నయ్య సర్టిఫికెట్ చూసి, మీకూ పాతది చాలనుకోకండి.

అన్నీ సరిగ్గా ఉన్నా ఆగిపోయిందా?

నన్ను దెబ్బతీసిన కారణం ఇదే. రాష్ట్ర బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా ఒకటి కావు. ఇక్కడ బీసీగా ఉన్న కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేవు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అలాంటి కుటుంబాలు చాలానే ఉన్నాయి. తమను కేంద్ర జాబితాలో చేర్చాలని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. పదో తరగతి నుంచి బీసీ అని రాసుకుంటూ, బీసీ హాస్టల్లో చదువుకున్న పిల్లాడికి ఢిల్లీ లెక్కలో తాను ఓబీసీ కాదన్న సంగతి ఎలా తెలుస్తుంది?

చీపురుపల్లి వైపు అబ్బాయి ఒకడు రైల్వే పరీక్ష పాసయ్యాడు. వెరిఫికేషన్‌లో కులం పేరు జాబితాలో లేదన్నారు. మార్కులు జనరల్ కటాఫ్‌కి కూడా సరిపోయాయి. కానీ ఓబీసీలకిచ్చే మూడేళ్ల వయసు మినహాయింపు వాడుకున్నాడు. జనరల్ వయోపరిమితి అయిదు నెలల కిందటే దాటిపోయింది. దాంతో ఆ దారీ మూసుకుపోయింది. "ఏటి సార్, నేను బీసీని కానా?" అని మా షాపు మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆ ఫారంలో ఓబీసీ అని టిక్కు పెట్టింది నేనే. అప్పటి నుంచి జాబితా చూడకుండా ఎవరికీ ఆ గడి నింపడం లేదు.

ఎలా చూడాలంటే: జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైటులో సెంట్రల్ లిస్ట్ తెరిచి, ఆంధ్రప్రదేశ్ ఎంచుకోండి. మీ సర్టిఫికెట్‌లో ఉన్న కులం పేరు, జాబితాలోని పేరు అక్షరం పోకుండా కలవాలి. ఇంట్లో పిలుచుకునే పేరు వేరు, రికార్డులో పేరు వేరు ఉంటాయి. పేరు పక్కన ఫలానా జిల్లాలకే అని ఉంటే అదీ చదవండి. ఎదురుగా తీర్మానం నంబరు, తేదీ ఉంటాయి. సర్టిఫికెట్‌లో అవి రాయాలి కాబట్టి నోట్ చేసుకోండి.

పేరు లేకపోతే కేంద్ర పరీక్షలకు మీరు ఓబీసీ కాదు, ఏ తహసీల్దారు సంతకం పెట్టినా సరే. కానీ ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాలు) 10 శాతం కోటా దారి ఉంది. ఇది చాలామందికి తెలియదు. "మీరు బీసీ కదా, మీకెలా ఇస్తాం" అని కార్యాలయంలో తిప్పి పంపుతారు. అప్పుడు గొడవపడకుండా కేంద్ర ఈడబ్ల్యూఎస్ నమూనా చూపించండి. ఎస్సీ, ఎస్టీ, కేంద్ర జాబితాలోని ఓబీసీ కాకూడదనే అందులో ఉంటుంది. రాష్ట్ర బీసీ అయితే కుదరదని ఎక్కడా లేదు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, 5 ఎకరాల పొలం ఉండకూడదు. ఇళ్లు, స్థలాలకూ పరిమితులున్నాయి. అయితే ఈడబ్ల్యూఎస్‌కి వయసు మినహాయింపు ఉండదు. ఆ లెక్క ముందే వేసుకోండి.

నాన్న జీతం ఎక్కువని ఆగిపోయారా?

ఓబీసీ క్రీమీలేయర్‌కి కూడా హద్దు 8 లక్షలే, కానీ లెక్క వేరు. అమ్మానాన్నల జీతం, వ్యవసాయ ఆదాయం అందులో కలపరు. వాళ్లు ప్రభుత్వంలో ఏ గ్రూపు (ఎ, బి, సి, డి) ఉద్యోగంలో చేరారన్నది విడిగా చూస్తారు. ఈడబ్ల్యూఎస్‌లో మాత్రం జీతం, పొలం, వ్యాపారం అన్నీ కలుస్తాయి. ఈ రెండూ కలిపేసుకుని అర్హత ఉండి కూడా అప్లై చేయనివాళ్లున్నారు.

స్కాన్ మసకగా ఉండటం, సీలు పడకపోవడం, ఇంటిపేరులో ఒక అక్షరం తేడా లాంటివి అరుదు. అఫిడవిట్‌తోనో కొత్త కాపీతోనో తేలిపోతాయి.

అప్లికేషన్ ఇప్పటికే పెట్టేశారా? కరెక్షన్ విండో తెరిచినప్పుడు కేటగిరీ మార్చండి. ఎస్సెస్సీలో మొదటి సవరణకు 200 రూపాయలు, రెండోసారికి 500. వెరిఫికేషన్ బల్ల దగ్గరికి వెళ్లాక ఆ గడి ఎవరూ మార్చరు. జాబితా ఈ రోజే తెరవండి.