స్టేషన్ మెట్ల నుంచి సాక్షి బోను దాకా: వైకల్యం ఉన్నవారు న్యాయ సౌకర్యాలను అడిగి సాధించుకునే విధానం

సాక్ష్యం చెప్పడానికి రమ్మని సమన్లు వచ్చాయి. కోర్టు హాలు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, సాక్షి చక్రాల కుర్చీ వాడే మనిషి. ఇలాంటప్పుడు మన దగ్గర సాధారణంగా ఇద్దరు మనుషులు కుర్చీని ఎత్తి పైకి మోస్తారు, లేదా న్యాయాధికారి మంచివారైతే ఆయనే కిందికి దిగి వచ్చి వాంగ్మూలం నమోదు చేసుకుంటారు. రెండోది మెచ్చుకోదగినదే. అయితే అదంతా నోటిమాట మీద జరిగిపోతుంది కనుక, వచ్చే వాయిదా నాటికి ఆ అధికారి బదిలీ అయితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. అందుచేత కావలసిన సౌకర్యం ఏమిటో పేరు పెట్టి, వాయిదాకు ముందే, రాతపూర్వకంగా అడగాలి. ఆ అడగడం ఎలాగో, ఎవరిని అడగాలో వివరించడమే ఈ వ్యాసం పని.

ఆధారం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. ఇందులోని 12వ సెక్షన్ ప్రకారం కోర్టులే కాక ట్రైబ్యునళ్లు, కమిషన్లు, దర్యాప్తు అధికారం ఉన్న ప్రతి సంస్థా వైకల్యం కారణంగా వివక్ష చూపకుండా అందరికీ అందుబాటులో ఉండాలి. పోలీసు స్టేషను కూడా దీని కిందికే వస్తుంది. సాక్ష్యాన్ని, వాదనను ఆ వ్యక్తి ఎంచుకున్న భాషలో, ఎంచుకున్న పద్ధతిలో నమోదు చేయడానికి కావలసిన పరికరాలు సమకూర్చడం ప్రభుత్వ బాధ్యతని అదే సెక్షన్ చెబుతుంది. దరఖాస్తులో ఈ సెక్షన్ సంఖ్య రాయడం మరచిపోవద్దు. సంఖ్య కనబడితే గుమాస్తా కాగితాన్ని పక్కన పెట్టే ముందు ఒకసారి ఆలోచిస్తాడు.

సదరం సర్టిఫికెట్టు (వైకల్య శాతాన్ని ధ్రువీకరించే పత్రం), యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవారికి కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు) ఉంటే వాటి నకళ్లు నాలుగైదు తీసి సిద్ధంగా ఉంచుకోవాలి. లేకపోతే ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలోనూ, తెలంగాణలో మీసేవలోనూ వైకల్య నిర్ధారణ పరీక్షకు దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ఇక్కడ చాలామంది పొరబడతారు. పింఛను వంటి పథకాలకూ, ఉద్యోగ రిజర్వేషన్లకూ 40 శాతం అనే గీత ఉంది కానీ, 12వ సెక్షన్ ఇచ్చే హక్కుకు అలాంటి గీత లేదు. సర్టిఫికెట్టు ఇంకా చేతికి రాలేదన్న కారణంతో ఫిర్యాదును వాయిదా వేసుకోవద్దు.

ఇక పోలీసు స్టేషను సంగతి. కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అత్యాచారం, లైంగిక వేధింపుల వంటి నేరాల్లో బాధితురాలికి వైకల్యం ఉంటే, పోలీసు అధికారే ఆమె ఇంటికి గానీ ఆమె కోరిన చోటికి గానీ వచ్చి, దుబాసీ లేదా ప్రత్యేక విద్యా ఉపాధ్యాయుల సమక్షంలో ఫిర్యాదు నమోదు చేయాలి, దాన్ని వీడియో తీయాలి. నేరం ఏదైనా సరే, వైకల్యం ఉన్న సాక్షిని విచారణ పేరుతో స్టేషనుకు రప్పించకూడదనీ, ఉన్న చోటికే వెళ్లి ప్రశ్నించాలనీ 179వ సెక్షన్ చెబుతుంది. స్టేషన్ అధికారి ఫిర్యాదు తీసుకోకపోతే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపి రసీదు దాచుకోవాలి.

దుబాసీ విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. వినికిడి లోపం ఉన్న అమ్మాయి వెంట మేనమామో అన్నో వస్తే, ‘ఈయన చెబుతాడులే’ అని పోలీసులు ఆయన మాటలనే ఆమె మాటలుగా రాసుకోవడం కద్దు. ఆ అమ్మాయి చేతులు పది కదలికలు కదిలితే ఆయన నోట ఒక్క వాక్యం వస్తుంది. గొడవ ఆస్తి గురించో పెళ్లి గురించో అయితే, వెంట వచ్చిన ఆ బంధువుకే అందులో లాభనష్టాలు ఉండవచ్చు. కాబట్టి కుటుంబానికి సంబంధం లేని సైగల భాష దుబాసీ కావాలని ఫిర్యాదు మొదటి పేజీలోనే రాయండి. జిల్లాలోని బధిరుల పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయుల వివరాలు ముందే తెలుసుకొని ఉంటే, ‘ఎవరూ దొరకలేదు’ అనే జవాబుకు చోటుండదు.

ఇంట్లోనే హింస జరుగుతున్నప్పుడు, అన్నం పెట్టకుండా గదిలో బంధించినప్పుడు, పింఛను డబ్బు లాక్కుంటున్నప్పుడు పోలీసులతో పాటు మరో తలుపు కూడా ఉంది. అదే తహసీల్దారు కార్యాలయం. తహసీల్దారు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కూడా. వికలాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ కింద బాధితులే కాదు, పక్కింటివారైనా, ఒక సంఘమైనా ఆయనకు సమాచారం ఇవ్వవచ్చు. రక్షించి బయటికి తీసుకురావడానికీ, బాధితులు కోరితే సురక్షితమైన చోట ఉంచడానికీ, భరణానికీ ఆయన ఆదేశాలు ఇవ్వగలరు. మన మండలాల్లో ఈ అధికారం గురించి తెలిసినవారు తక్కువ, ఒక్కోసారి కార్యాలయంలోనూ తక్కువే. అందువల్ల సెక్షన్ పాఠాన్ని దరఖాస్తుకు జతచేయడం మంచిది.

వకీలు ఫీజు గురించి దిగులు పడనక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్నవారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు, ఆదాయ పరిమితి వర్తించదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

కోర్టుకు ఇచ్చే దరఖాస్తు ఎలా ఉండాలన్నదే అన్నిటికంటే ముఖ్యం. ‘నేను వికలాంగుడిని, దయతో సహకరించగలరు’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇలా రాయండి: ‘ఈ కేసులో నేను రెండో సాక్షిని. నేను చక్రాల కుర్చీ వాడతాను. కోర్టు హాలు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. 14వ తేదీ వాయిదాలో నా సాక్ష్యాన్ని కింది అంతస్తులో గానీ, వీడియో ద్వారా గానీ నమోదు చేయవలసిందిగా, ర్యాంపు ఉన్న మరుగుదొడ్డి అందుబాటులో ఉంచవలసిందిగా, గంటన్నరకు ఒకసారి విరామం ఇవ్వవలసిందిగా 2016 చట్టం 12వ సెక్షన్ కింద కోరుతున్నాను.’ చూపు లేనివారైతే పత్రాలను చదివి వినిపించాలని, లేదా స్క్రీన్ రీడర్ చదవగల ఫైలుగా ఇవ్వాలని కోరవచ్చు. సంతకం చేయగలిగిన అంధులను వేలిముద్ర వేయమంటే ఒప్పుకోనవసరం లేదు. దరఖాస్తు రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. క్రిమినల్ కేసు అయితే పబ్లిక్ ప్రాసిక్యూటరుకు ఒక నకలు ఇవ్వాలి. ముద్ర పడిన ఆ ప్రతే రేపు మీ చేతిలో ఉండే ఏకైక సాక్ష్యం.

మాట్లాడలేని సాక్షి రాసి గానీ సైగలతో గానీ సాక్ష్యం చెప్పవచ్చని, అది మౌఖిక సాక్ష్యంగానే చెల్లుతుందని కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 125వ సెక్షన్ స్పష్టం చేస్తుంది. అప్పుడు దుబాసీని పిలవడం, వీడియో తీయడం కోర్టు విధి. ‘చూపు లేనామె నిందితుణ్ణి ఎలా గుర్తుపట్టింది’ అనే ప్రశ్న ఎదురైతే, ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన పఠాన్ జమాల్ వలి కేసులో 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును వకీలు చేత చూపించండి. అంధురాలైన దళిత యువతి గొంతును బట్టి నిందితుణ్ణి గుర్తించిన ఆ కేసులో, వైకల్యం ఉన్నంత మాత్రాన సాక్ష్యం విలువ తగ్గదని కోర్టు తేల్చింది. 2022 జనవరిలో మరో కేసులో, బెదురు లేకుండా సాక్ష్యం చెప్పే ప్రత్యేక కేంద్రాల సౌకర్యం వైకల్యం ఉన్న సాక్షులకూ వర్తిస్తుందని చెప్పింది. మీ జిల్లాలో అలాంటి కేంద్రం ఉందేమో అడిగి, ఉంటే దరఖాస్తులో దాని పేరే రాయండి.

అడిగినా సౌకర్యం ఇవ్వకపోతే, లేదా భవనమే అడ్డంకి అయితే, రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయాలి. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ర్యాంపు చక్కగానే కట్టి, దాని మొదట్లో రోజూ సిబ్బంది స్కూటర్లు నిలబెట్టడం నేను చూశాను. అలాంటిదానికి తేదీ కనబడే ఫొటో చాలు. మీ వివరాలు, ఎదుటి కార్యాలయం పేరు, జరిగినది తేదీల వారీగా, ముద్ర పడిన దరఖాస్తు నకలు, మీరు కోరే పరిష్కారం రాసి పంపితే సరిపోతుంది, వకీలు తప్పనిసరి కాదు. తెలంగాణలో కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలోనో, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక (పీజీఆర్‌ఎస్)లోనో కూడా అర్జీ ఇవ్వవచ్చు కానీ, దాన్ని కమిషనరు ఫిర్యాదుకు బదులుగా భావించవద్దు.

అందుబాటు ప్రమాణాలు కేవలం సిఫార్సులు కాకూడదని, తప్పనిసరి నిబంధనలుగా ఉండాలని 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయ వికలాంగుల అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదిక ఆ తీర్పుకు ఆధారాల్లో ఒకటి. భవనం గురించి ఫిర్యాదు రాసేటప్పుడు దీన్ని ప్రస్తావించండి.

కమిషనరు సిఫార్సు అందిన 3 నెలల్లోగా ఆ కార్యాలయం తాను తీసుకున్న చర్యను గానీ, ఒప్పుకోకపోతే కారణాలను గానీ తెలియజేయాలి. ఆ తేదీని క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. గడువు దాటినా జవాబు లేకపోతే ఫిర్యాదు, సిఫార్సు, రసీదులు, ఫొటోలు ఒక ఫైలుగా కుట్టి మళ్లీ న్యాయ సేవాధికార సంస్థకే వెళ్లి, హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ పిటిషన్ వేయడానికి వకీలును కేటాయించమని దరఖాస్తు పెట్టాలి. ఆ దరఖాస్తుకు కూడా రెండు ప్రతులు తీసుకువెళ్లండి.