రొయ్య పేగుతో మొదలుపెట్టండి

లోతు సముద్రపు జీవుల పేగు బ్యాక్టీరియా మీద పని చేస్తామని మా బరంపురం డిగ్రీ పిల్లలు అడుగుతుంటారు. ముందు చేయి తిరగాలి. అందుకు గోపాల్‌పూర్ ఒడ్డున పొద్దున్నే దిగే రొయ్యలు చాలు. సముద్ర దోసకాయ (పేరే దోసకాయ, అదీ ఓ సముద్ర జీవే) జోలికి మాత్రం పోకండి, చట్టం ఒప్పుకోదు.

రొయ్యను ఐసులో తెచ్చి, పెంకును 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. మొదటిసారి నేను తుడవలేదు. ప్లేటు నిండా పెంకు మీది సరుకే మొలిచి రెండు రోజుల పని గంగపాలయింది. కత్తెరను మంటలో కాల్చి, చల్లార్చి, వీపు చీల్చండి. కూరకి కడిగేటప్పుడు లాగి పారేసే నల్ల నరం ఉంది చూశారా, అదే పేగు. దాన్ని స్టెరైల్ (ఏ క్రిమీ లేని) ఉప్పునీటిలో నలిపి, ప్రతిసారీ పదింతల చొప్పున నాలుగుసార్లు పలచన చేసి, 0.1 మి.లీ. జోబెల్ మెరైన్ అగర్ (సముద్రపు బ్యాక్టీరియాకి మేతగా ప్లేట్లో పోసే జెల్లీ) మీద పరచండి. 28 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచితే చాలు.

నల్లగా ఉందంటే లోపల బురద, మేత ఉన్నట్టే. మొలిచినవి అక్కడ కాపురముండేవో, దారిన పోయేవో తెలీదు. ఖాళీ పేగుతో ఇంకో ప్లేటు వేసి పోల్చండి.

లోతు జీవుల పేగుదైతే వేడి అగర్‌లో కలిపి పోయకండి, ఆ బ్యాక్టీరియా 45 డిగ్రీలకే చచ్చిపోతాయి. 4 డిగ్రీల దగ్గర వారాల తరబడి ఆగాలి. ఒత్తిడి మరో తలనొప్పి: ప్రతి 10 మీటర్లకు ఒక అట్మాస్ఫియర్ (అంటే మన మీదుండే గాలి ఒత్తిడి అంత) పెరుగుతుంది. పసిఫిక్‌లోని లోతైన అగాధం మరియానా ట్రెంచ్‌లో, ఆంఫిపాడ్ అనే రొయ్యలాంటి చిన్న జీవిలో దొరికిన ఎంటీ41 అనే బ్యాక్టీరియా గురించి 1981లో ప్రకటించారు. అది మామూలు గాలి ఒత్తిడిలో పెరగనే పెరగదు, స్టీలు ప్రెషర్ పాత్ర కావాల్సిందే.

ప్లేట్లలో విబ్రియో (జబ్బు చేసే రకాలూ ఉన్న బ్యాక్టీరియా) ఉండొచ్చు. పారేసే ముందు 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్ చేయండి (ప్రెషర్ కుక్కర్ లాంటి పాత్రలో ఆవిరి పట్టించండి). కోసిన రొయ్య కూరకి పనికిరాదు, అడగకండి.