తొట్టిలో నల్లకలువ

నర్సరీలో నీలం పూల కలువ అని అమ్మేవాటిలో చాలావరకు సంకరజాతులే. ఆకు మధ్య, కాడ కలిసే చోట పిల్లమొక్క పుట్టుకొస్తుంటే అది మన చెరువుల్లో నీలంగా పూసే నల్లకలువ కాదు. అసలుది కావాలంటే ఊరి చెరువులో పండిన ఒక్క కాయ గింజలు చాలు, వాటిని చల్లే తీరు చివర్లో ఉంది. దుంపలు తవ్వి తేవద్దు, గుర్రపుడెక్క కమ్మేసిన చెరువుల్లో ఇప్పటికే మిగిలినవి కొన్నే. కొల్లేరు లాంటి అభయారణ్యాల్లో అయితే కాయ కోసినా నేరమే.

రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉండి, అడుగున రంధ్రం లేని తొట్టి తీసుకోండి. కొత్త సిమెంటు తొట్టి అయితే సున్నం ఊరుతుంది. రెండు వారాల పాటు నీళ్లు నింపి, మూడు నాలుగుసార్లు మార్చాకే వాడండి. రోజుకు కనీసం ఐదారు గంటలు ఎండ తగలకపోతే ఆకులే తప్ప పూలు రావు.

అసలు కిటుకు మట్టిలో ఉంది. తడిపిన మట్టిని పెన్సిలంత లావు తాడులా పేనితే తెగకూడదు, అదే సరైన బంకమట్టి. కొబ్బరిపొట్టు, వర్మికంపోస్టు కలిపారంటే కొంత పైకి తేలుతుంది, కొంత కుళ్లుతుంది, నీళ్లు వారంలో పచ్చగా మారి వాసన కొడతాయి. ఎనిమిది అంగుళాల ఎత్తున్న వెడల్పాటి కుండీలో అడుగున గుప్పెడు బాగా మాగిన పశువుల ఎరువు, పైన ఆరంగుళాల బంకమట్టి, దాని మీద అరంగుళం ఇసుక వేయండి. ఇందులో నాటిన పిల్లమొక్క మొవ్వు ఇసుకపైకి కనిపించాలి. పూడిపోతే కుళ్లుతుంది.

జూన్, జులైల్లో నాటితే మంచిది. మొదట తొట్టిలో ఇటుకల మీద కుండీ పెట్టి, మట్టిపైన మూడంగుళాల నీళ్లే ఉంచండి. కాడలు సాగేకొద్దీ ఒక్కో ఇటుక తీసేస్తూ ఎనిమిది అంగుళాలకు దింపండి. ఒక్కసారిగా ముంచితే లేత ఆకు పైకి రాలేక చస్తుంది. నలభై అయిదు రోజులు దాటాక చెంచాడు ఎముకల పొడిని కాగితంలో పొట్లం కట్టి, మొవ్వుకు దూరంగా మూడంగుళాల లోతున గుచ్చండి. పూసినన్నాళ్లూ నెలకోసారి ఇదే.

ఆకులో గుడ్డులాంటి ముక్కలు కత్తిరించినట్టు పోతున్నాయా? నీటిమీద తేలే ఆకుముక్కల్ని విప్పి చూడండి, రెండు ముక్కలను అతికించుకుని మధ్యలో గొంగళిపురుగు ఉంటుంది. చేత్తో ఏరేయడమే. పేనుబంక పడితే నీటిధారతో కడగండి. తొట్టిలో చేపలుంటే వేపనూనె కూడా కొట్టవద్దు. దోమలకు దగ్గరి కాలవలోని నాలుగైదు చిన్న చేపలు చాలు. దోమల కోసం వదిలే గంబూసియా, గప్పీ చేపలు మన నేలవి కావు, వానకు తొట్టి పొంగితే కాలవల్లోకి పోతాయి.

పూవు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. మూడు నాలుగు రోజులయ్యాక కాడ వంగి నీళ్లలోకి మునుగుతుంది. అప్పుడే కాయకు పలుచని గుడ్డ వదులుగా కట్టండి. మూడు నాలుగు వారాలకు పగిలి, గింజలు జిగురు తొడుగుతో ఒకటి రెండు రోజులు తేలి తర్వాత మునిగిపోతాయి. గుడ్డ లేకపోతే ఒక్కటీ దొరకదు. వాటిని ఆరనివ్వకుండా వెంటనే అంగుళం నీళ్లున్న బంకమట్టి మీద చల్లండి.

చలికాలంలో ఆకులు చిన్నవై మొక్క చచ్చినట్టే కనబడుతుంది. పారేయకండి, మట్టిలో దుంప నిద్రలో ఉంటుంది. ఎరువు ఆపి, మట్టి తడారకుండా చూస్తే ఎండలు ముదిరేసరికి మళ్లీ చిగురేస్తుంది.