నెత్తి చూస్తే జాతి తెలుస్తుంది: బోదురుకప్పలను ఫొటో తీయడం, గుర్తుపట్టడం

బోదురుకప్ప కంట్లో బంగారు మెరుపు పట్టిన ఫొటో ఎంత బాగున్నా, చాలాసార్లు దాన్నిబట్టి జాతి తేలదు. తేల్చేది నెత్తి, దాని మీది ఎముక గట్లు. కప్ప కనిపించగానే, నిలబడిన చోటి నుంచే జూమ్ చేసి పైకోణంలో రెండు ఫొటోలు తీసుకోండి. తర్వాత వంగి, పడుకుని ఎన్నయినా తీయొచ్చు.

ముందు పేరు సంగతి. బోదురుకప్ప అనే మాటను వానాకాలంలో పచ్చగా, పసుపుగా మెరిసే పెద్ద కప్పకూ వాడతారు. ఇక్కడ చెబుతున్నది అది కాదు. ఒళ్ళంతా పొక్కులతో, పొడిగా, గరుకుగా ఉండి, పొట్టి కాళ్ళతో చిన్న చిన్న గెంతులు వేసే కప్ప. కంటి వెనక, భుజం పైన ఉబ్బెత్తు గ్రంథి ఉండాలి. అది లేకపోతే ఎంత లావుగా ఉన్నా ఇక్కడ చెప్పే కప్ప కాదు. మట్టిలో దూరే గుండ్రటి కప్పలను చూసి ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

నెల్లూరు వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. జోరువాన పడిన రాత్రి, చీకటి పడ్డాక అరగంట మొదలు మూడు గంటలు గడిచేదాకా మంచి సమయం. చెరువు కట్ట లోపలి అంచు, అలుగు కింద నిలిచిన నీళ్ళు, దమ్ము చేసిన కయ్యలు, ఊరి వీధిదీపాల కింద పురుగులు రాలే చోటు చూడండి. ఎండాకాలంలో బోరింగు గట్టు పక్కన, నీళ్ళ తొట్టి అడుగున, ఇటుకల సందుల్లో ఉంటాయి. కనిగిరి, మార్కాపురం వైపు మెట్ట నేలల్లో రాళ్ళ కింద వెతకాలి. రాయి లేపేటప్పుడు అవతలి అంచు పట్టుకుని మీవైపు లేపండి. కింద తేలో పామో ఉంటే రాయే అడ్డుగా నిలుస్తుంది. చూశాక రాయిని ఉన్నట్టే పెట్టండి. కప్పను పక్కకు జరగనిచ్చి రాయి దించితే, అదే మళ్ళీ కిందికి దూరుతుంది.

వెలుతురు దగ్గరే ఎక్కువ ఫొటోలు చెడతాయి. తడి ఒంటి మీద ఫ్లాష్ నేరుగా పడితే తెల్లటి మచ్చలు లేచి, పొక్కులు, గట్లు అన్నీ కలిసిపోతాయి. కెమెరా అయితే 90 లేదా 100 మి.మీ. మాక్రో లెన్సు, ఎపర్చరు ఎఫ్/8 నుంచి ఎఫ్/11, షట్టరు వేగం సెకనులో 160వ వంతు, ఐఎస్‌ఓ 200 నుంచి 400 సరిపోతాయి. ఫ్లాష్ ముందు ప్యాకింగులో వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ రెండు పొరలు కట్టండి. ఫోన్ అయితే ఫ్లాష్ ఆపేసి, పక్కవాళ్ళ చేత టార్చి ఏటవాలుగా పట్టించండి. టార్చికి తెల్ల రుమాలు చుడితే నీడలు మెత్తబడతాయి. ఫోన్‌లో ఉండే వైడ్ మాక్రో లెన్సు వద్దు. అంగుళం దూరానికి వెళ్ళాల్సి వస్తుంది, కప్ప బెదురుతుంది, పైగా తల ఉన్నదానికంటే పెద్దగా పడి కొలతలు తప్పుతాయి. రెండు రెట్ల జూమ్‌తో అడుగు దూరం నుంచి కంటి మీద ఫోకస్ పెట్టి, వెలుగు కొంచెం తగ్గించుకోండి.

పైకోణం తర్వాత పక్కనుంచి మొత్తం ఒళ్ళు, కన్నూ చెవిపొరా కలిసి పడేలా తల, వెనక కాలి వేళ్ళ మధ్య పొర, చివరగా చుట్టూ ఉన్న చోటు. పరిమాణం కోసం పక్కనే, అదే ఎత్తులో చిన్న స్కేలు పెట్టండి. రూపాయి బిళ్ళ పనికిరాదు, ఒక్కో కాలపు బిళ్ళ ఒక్కో సైజు.

ఇప్పుడు గుర్తింపు. ఇళ్ళ దగ్గర కనిపించేది ఎక్కువగా డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్ (ఇది శాస్త్రీయ నామం). పాత పుస్తకాల్లో బ్యూఫో అని ఉంటుంది. 2006లో ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు మారింది, భారతీయ ఉభయచర శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా పేరు మీద. ముక్కు నుంచి కంటి చుట్టూ చెవిపొర దాకా ఎముక గట్లు ఎత్తుగా ఉంటాయి, వాటి అంచులు కాటుక గీసినట్టు నలుపు. పొక్కుల కొనలు కూడా చాలావరకు నల్లగానే ఉంటాయి. గ్రంథి పెద్దది, పొడుగ్గా చిక్కుడు గింజ ఆకారంలో ఉంటుంది. అరచేతిలో పట్టేంత చిన్నదిగా ఉండి, గట్లు తక్కువ ఎత్తులో, గ్రంథి చిన్నగా గుండ్రంగా కనిపిస్తే డట్టాఫ్రైనస్ స్కేబర్ అనుకోవచ్చు. పెద్దదై, నెత్తిన గట్లే లేకుండా నున్నగా, వెనక వేళ్ళ మధ్య పొర మూడింట రెండు వంతులు ఉంటే స్టొమాటికస్ అనే జాతి వైపు చూడాలి. తూర్పు కనుమల బండరాళ్ళ మీద చదునైన ఒంటితో, పొక్కులు పెద్దగా లేని చిన్న కప్ప కనిపిస్తే హొలోలియస్ అనే జాతి కావచ్చు. అది ఎక్కువమందికి దొరకదు కాబట్టి అన్ని కోణాలూ తీసి నిపుణులకు చూపించండి.

రంగును నమ్మవద్దు. ఒకే జాతి కప్ప ఎర్రమట్టిలో ఎర్రగా, బురదలో నల్లగా ఉంటుంది. పిల్లలనూ నమ్మవద్దు: గట్లు వయసుతో ఎదుగుతాయి కాబట్టి, వేలి గోరంత కప్ప నెత్తి నున్నగా ఉందని స్టొమాటికస్ అనేస్తే తప్పు. పిల్లలకు ప్రజాతి పేరు దగ్గరే ఆపడం మేలు. గుడ్లు కనిపిస్తే అవీ సాక్ష్యమే. ఈ కప్పలవి జిగురు తాళ్ళలా పొడుగ్గా గడ్డికి చుట్టుకుని ఉంటాయి.

చేత్తో పట్టుకోకండి. బెదిరితే అది ఒంట్లో దాచుకున్న నీళ్ళు వదిలేస్తుంది, ఎండాకాలంలో ఆ నీళ్ళే దాని ప్రాణం. మన చేతికున్న దోమల మందు దాని చర్మం గుండా లోపలికి పోతుంది. కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే తెల్లటి పాలు కళ్ళలో పడితే భగ్గున మండుతాయి. ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది మాత్రం నిజం కాదు, అవి మనుషుల వైరస్ వల్ల వస్తాయి.

కప్పలున్న చోటికి పాములూ వస్తాయి. మోకాలి కింది దాకా గమ్ బూట్లు, రెండు టార్చులు, తోడుగా ఒక మనిషి తప్పనిసరి. అడవి పందుల కోసం చేలచుట్టూ కరెంటు తీగలు కట్టే ఊళ్ళుంటాయి; రైతును అడగకుండా రాత్రి గెనిమ మీద అడుగు పెట్టొద్దు. నల్లమల అభయారణ్యంలో అయితే అటవీశాఖ అనుమతి ఉండాలి, నీళ్ళు నిండిన పలకరాయి గనుల అంచులకు రాత్రి అసలు పోవద్దు. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు వెళ్ళేముందు బూట్ల బురద కడిగి పూర్తిగా ఆరనివ్వండి, కప్పల చర్మాన్ని తినే బూజు తెగులు తడి బురదతో కూడా ఊళ్ళు మారుతుంది.

ఇంటికి వచ్చాక ఫొటోలు పంపేటప్పుడు జీవుల ఫొటోలు నమోదు చేసే వెబ్‌సైట్లయిన ఐనాచురలిస్ట్‌లో గానీ ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గానీ అన్ని కోణాలూ ఒకే నమోదులో పెట్టండి. తేదీ, సమయం, ఊరి పేరుతోపాటు వాన ఎప్పుడు ఆగిందో, నేల ఏ రకమో రెండు మాటలు రాయండి. మగ కప్పలు అరుస్తుంటే ఒక నిమిషం శబ్దం కూడా రికార్డు చేసి జతచేయండి.